రెండు బీడీల సేపు

మొదటి రోజే ఇస్సాకు ఆ కళ్ళద్దాలు పెట్టుకోనన్నాడు. పెట్టుకోననడమే కాదు, వాటిని తెచ్చిన మనిషికి కుర్చీ కూడా వేయించలేదు. ఉప్పుకాలవ సబ్‌స్టేషన్ రేకుల షెడ్డు నీడలో తాను కూర్చుని, అద్దాల కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి కారులో దిగిన ఇందుమతిని ఎండలో నిలబెట్టే మాట్లాడాడు. యాభై ఏడేళ్ళ లైన్‌మన్. ముప్ఫై మూడేళ్ళుగా కరెంటు స్తంభాలెక్కుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఒంటిమీద ఒక్క కాలిన మచ్చయినా లేని లైన్‌మన్ ఇతనొక్కడేనని అక్కడి ఇంజనీరు ఏఈ గారు చెప్పబట్టే ఇందుమతి అంత దూరం వచ్చింది.

“ఏంది మేడమ్ ఇవి? సులోచనాలా?” అన్నాడు ఇస్సాకు.

ఇందుమతికి ఇలాంటివాళ్ళు అలవాటే. మాట్లాడి ప్రయోజనం లేదని తెలుసు. నమూనా కోసం తెచ్చిన కళ్ళద్దాలు అతని చేతిలో పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడమంది. అతను మొహం చిట్లించుకుని పెట్టుకున్నాడు. ఎదురుగా రోజూ చూసే ట్రాన్స్‌ఫార్మరే, కానీ దాని ఒక్కొక్క భాగం మీదా పేరు రాసి గాలిలో నిలబడి ఉంది. కరెంటు ఉన్న తీగ ఎర్రగా వెలుగుతోంది, ఆపేసిన తీగ పచ్చగా ఉంది. ఇంతలో రెండు నీలం రంగు చేతులు ఎక్కడినుంచో వచ్చి, ఫ్యూజు ఎలా విప్పాలో విప్పి చూపించసాగాయి. ఉన్న వస్తువును ఆ అద్దాలు దాచవు, దాని మీద లేనిదాన్ని తెచ్చి అతికిస్తాయి. చూసేవాడు తన చేతుల్ని ఆ నీలం చేతుల మీద పెట్టి అవి చేసినట్టు చేస్తే చాలు, పని వచ్చేస్తుంది.

ఇస్సాకు అద్దాలు తీసేశాడు.

“ఎవురియ్యి ఆ చేతులు?”

“వేరే జిల్లాలో ఒక ఆపరేటరువి. ఫ్యూజుల పని ఆయన దగ్గర రికార్డు చేశాం. స్తంభం పని మీ దగ్గర చేస్తాం.”

“ఆయన బతికే ఉండాడా?”

“ఉన్నారు. ఎందుకలా అడుగుతున్నారు?”

“బతికున్నోడి చేతులు వాడి ఒంటికుండాల గదా. ఈడ తిరగతా ఉంటేనూ,” అన్నాడు. షెడ్డులో ఉన్న నలుగురూ నవ్వారు.

డిపార్ట్‌మెంటు ఆర్డరు ఉంది కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. మర్నాడు పొద్దున్నే అతని చేతులకు సన్నటి తొడుగులు వేసి, తలకు కెమెరా బిగించి, రొయ్యల చెరువుల మధ్య ఉన్న స్తంభం దగ్గరికి తీసుకెళ్ళారు. పైన జంపర్ పాడైంది. జంపరంటే రెండు తీగల్ని కలిపే చిన్న ముక్క. దాన్ని కోసి కొత్తది కట్టాలి. ఇస్సాకు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే అక్కడి ఆపరేటరు లైను ఆపేసి, ఆపినట్టు ఒక నంబరు ఇస్తాడు. ఆ నంబరు తీసుకున్నవాడు పని ముగించి తిరిగి చెప్పేదాకా ఎవడూ లైనులోకి కరెంటు వదలకూడదు.

నంబరు రాసుకుని, ఇస్సాకు స్తంభం మొదట్లో గొంతుక్కూర్చుని బీడీ వెలిగించాడు.

ఇందుమతి వాచీ చూసుకుంది. మాడు పగిలే ఎండ. తొడుగుల్లో బ్యాటరీ గంటన్నర కంటే రాదు. ఇస్సాకు తాపీగా పీలుస్తూ, చెరువుల వైపు చూస్తూ, తనలో తానేదో గొణుక్కుంటున్నాడు. మొదటి బీడీ అయిపోయింది. ఇక లేస్తాడనుకుంది. రెండోది వెలిగించాడు. మధ్యలో ఎవరికో ఫోన్ చేసి, నవ్వుతూ రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. రెండో బీడీ చివరిదాకా తాగి, నేలకేసి నలిపి, అప్పుడు బెల్టు బిగించుకుని పైకి వెళ్ళాడు.

వెళ్ళాక మాత్రం చూడాలి అతని పని. ఆ చేతుల్లో ఒక్క కదలిక వృథాగా లేదు. తడుముకోలేదు, వెనక్కి తీసుకోలేదు. కరెంటు వచ్చే వైపు తీగకు, పొరపాటున వచ్చినా భూమిలోకి పోయేలా, ఎర్తు రాడ్డు తగిలించడం, పాత జంపర్ కోయడం, కొత్తది చుట్టడం, అంతా వరసన సాగిపోయింది. కిందనుంచి చూస్తున్న ఇందుమతికి అతని మీద ఉన్న కోపం కాసేపు గుర్తులేదు. సరిగ్గా అరగంటలో దిగాడు.

“ఇస్సాకు గారూ, ముందు ఆ బీడీలెందుకు? అది కూడా పనిలో భాగమా?” అని అడిగింది.

“బీడీ తాగుతుండా. కనపళ్లా?”

“రెండెందుకని?”

“ఒకటి నాకు, ఒకటి మీ కంపెనీకి.”

మళ్ళీ అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇందుమతికి గట్టిగానే గుచ్చుకుంది.

* * *

ల్యాబులో కౌండిన్యకు నిమిషాలే దేవుళ్ళు. కంపెనీ పెట్టినవాడు అతనే. మూడో అంతస్తులో గాజు గది, గోడ మీద అన్ని జిల్లాల పటం. ఇందుమతి తెచ్చిన రికార్డింగు మొత్తం నిడివి చూసి పెదవి విరిచాడు.

“నలభై ఒక్క నిమిషాలా? డిపార్ట్‌మెంటువాళ్ళడిగింది ముప్ఫై. అంతలో అయిపోతుందని చెప్పి కదా మనకీ పని వచ్చింది.”

“అందులో పదకొండు నిమిషాలు అతను బీడీలు తాగాడు,” అంది ఇందుమతి.

“మరి ఇంకా ఎందుకుంచావు?”

ఉంచలేదు. అక్కడికక్కడే కోసింది. మీట నొక్కేటప్పుడు ఆమె వేలికి కొంచెం కసి కూడా ఉందన్న మాట దాచడం దేనికి? ఒకటి నాకు, ఒకటి కంపెనీకి అన్నాడు కదా, కంపెనీ రెండూ తీసేసుకుంది అనుకుంది. శబ్దం అంతకుముందే తీసేసింది. గాలి హోరు, ఎక్కడెక్కడివో ఇంజన్ల చప్పుడు, ఆ రొదలో పనికొచ్చే మాట ఏముంటుందని వినను కూడా వినలేదు. మిగిలింది సరిగ్గా ముప్ఫై నిమిషాలు. లైన్ క్లియర్ నంబరు రాగానే లైను పచ్చబడుతుంది, ఆ క్షణమే నీలం చేతులు స్తంభం పట్టుకుని పైకి సాగిపోతాయి.

ఆర్నెల్లలో ఆ అద్దాలు ఎనిమిది వందల మంది లైన్‌మన్‌ల మొహాల మీదికి ఎక్కాయి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్ళు కూడా ఇస్సాకు చేతులతో జంపర్లు కట్టారు. ఎవరెంత బాగా ఆ చేతుల్ని అనుసరించారో అద్దాలు శాతాల్లో లెక్క వేసేవి. ఎవరు ఎన్ని నిమిషాలు తీసుకున్నారో డివిజన్ ఆఫీసు గోడ మీద తెర చెప్పేది. ముప్ఫై దాటితే పేరు ఎర్రబడేది. పేరు మూడుసార్లు ఎర్రబడితే మెమో.

ఇందుమతి ఇంట్లో ఆమె తొమ్మిదేళ్ళ కూతురు మేఖల అవే రకం అద్దాలు పెట్టుకుని, డైనింగ్ టేబుల్ మీద కొట్టుకుంటున్న గుండెను నిలబెట్టి, ఏ గదిలోంచి ఏ గదిలోకి రక్తం పోతుందో చదువుకునేది. అమ్మమ్మ సరళాదేవి పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆ పిల్లను చూసి నిట్టూర్చేది. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది.

“దానికి నెత్తురు లేదు, వాసన లేదు. అదేం గుండే?” అనేది.

“అందుకేనమ్మా మంచిది,” అనేది ఇందుమతి.

ఆ రోజుల్లో ఆమె చాలా సంతోషంగా ఉంది. తన పని నలుగురికి పనికొస్తోందన్న గర్వం ఉంది. అది తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

* * *

కబురు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. ఉప్పుకాలవ, రొయ్యల చెరువుల లైను, జంపర్ పని. లైన్‌మన్‌కు షాక్ కొట్టింది. ప్రాణం ఉంది. రెండు చేతులూ మోచేతుల కిందికి మిగలకపోవచ్చు.

“ఎవరు?” అంది ఇందుమతి.

“ఇస్సాకు అట.”

అద్దాలలో రికార్డు ల్యాబుకు అప్పటికే వచ్చేసింది. గాజు గదిలో తెర మీద వేసుకుని ఆమె, కౌండిన్య చూశారు. లైను పచ్చగా ఉంది. నీలం చేతులు స్తంభం పట్టుకున్నాయి. ఇస్సాకు కాసేపు కదల్లేదు. అతని చూపు చెరువుల వైపు తిరిగింది, మళ్ళీ నీలం చేతుల వైపు వచ్చింది. అవి అప్పటికే నడుమెత్తు దాటి పోతున్నాయి. పక్కన గడియారం అంకెలు మారుతున్నాయి. అతను ఎక్కాడు. అతని నల్లటి నిజం చేతులు, వాటి మీద అతనివే నీలం చేతులు, ఎక్కడా తేడా లేకుండా కదిలాయి. రాడ్డు తగిలించాయి. జంపర్ కోశాయి. అక్కడితో తీగ రెండు ముక్కలైంది, రాడ్డు ఒక ముక్కకే ఉంది. రెండో ముక్కను పట్టుకున్నాయి. లైను ఇంకా పచ్చగానే ఉంది. ఏడో నిమిషంలో తెర తెల్లబడింది.

తర్వాత ఆకాశం కనపడింది. అతను బెల్టుకు వెల్లకిలా వేలాడుతున్నాడు. ఆ ఆకాశంలో నీలం చేతులు ఆగకుండా కొత్త జంపర్ చుడుతూనే ఉన్నాయి. చుట్టి, బిగించి, రాడ్డు తీసి, కిందికి దిగాయి. పని పూర్తయింది అని అక్షరాలు వచ్చాయి. కింద పోలిక శాతం పడింది. అతను స్పృహలో ఉన్నంతసేపు తొంభై ఏడు. జిల్లాలో ఇంతవరకూ ఎవరికీ అంత రాలేదు.

ఇందుమతి తెర ఆపేసి బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి కౌండిన్య ఫోన్లో మాట్లాడి పెట్టేస్తున్నాడు.

“తొంభై ఏడు అంటే మూడు శాతం తేడా చేసినట్టే కదా,” అన్నాడు. “ఆ మూడు శాతమే కారణమని రిపోర్టు రాద్దాం. సూచనలు పూర్తిగా పాటించలేదు.”

“తప్పు కదా అది. కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకు తెలీదు.”

“సబ్‌స్టేషన్‌లో లైను ఆపే ఉంది. మన అద్దాలకు తెలిసింది అంతవరకే, చెప్పిందీ అంతవరకే. అతనికి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉందన్నారు కదా, అతను చూసుకోవద్దా?”

ఇందుమతి సంచీ తీసుకుని బయటపడింది. ఇంటికి వచ్చి మంచం మీద పడుకుంది. సరళాదేవి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని సంగతి అంతా చెప్పించుకుంది. ఓదార్చలేదు. ఆవిడకు ఆ అలవాటు లేదు.

“నువ్వు తీసేసింది ఎంత?”

“పదకొండు నిమిషాలు.”

“ఆ పదకొండు నిమిషాలూ అతనేం చేశాడు?”

“బీడీ తాగాడమ్మా. చెప్పాను కదా.”

“ముప్ఫై ఏళ్ళు ఒంటి మీద మచ్చ పడనివాడు పనికి ముందు ఊరికే కూర్చున్నాడా? నువ్వు చూశావా, విన్నావా?”

ఇందుమతి లేచి కూర్చుంది. వినలేదు.

* * *

ముక్క కోయని అసలు రికార్డింగు ఆమె దగ్గరే ఉంది. చెవుల్లో పెట్టుకుని, గాలి హోరు తగ్గించి, ఆ పదకొండు నిమిషాలు విన్నది.

కరెంటు పోగానే చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు ఆగిపోతాయి. ఆగితే రొయ్యకు గాలి అందదు. గంటలోపే చచ్చి తేలుతుంది. అందుకని ప్రతి రైతూ జనరేటర్ పెట్టుకున్నాడు. కొందరు వెంటనే వేస్తారు, కొందరు కరెంటు వస్తుందేమోనని కాసేపు చూసి వేస్తారు. రికార్డింగులో దూరంగా ఒక ఇంజన్ అందుకుంది. బీడీ నోట్లో ఉంచుకునే ఇస్సాకు గొంతు, చాలా మెల్లగా:

“కోటయ్యది.”

మరొకటి. “హజరత్తయ్యది.” ఇంకొకటి. “తిరుపాలుది. దగ్గతా ఉంది, ఆయిలు మార్చడు ఎదవ.”

ఒక్కొక్క ఇంజన్ చప్పుడుకూ ఒక్కొక్క పేరు. మొదటి బీడీ అయ్యేసరికి పది. రెండో బీడీలో మూడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. “ఇంకొకటి రావాల. రెడ్డిది.” మళ్ళీ నిశ్శబ్దం. చిట్టచివర్న ఒక పెద్ద ఇంజన్ అందుకుంది. “పద్నాలుగు. వచ్చినాడయ్యా మాలకొండారెడ్డి.” ఆ వెంటనే ఫోన్. “రెడ్డీ, ఇస్సాకుని. నీ చేంజోవరు స్విచ్చి పాడై ఎన్నాళ్ళయింది, ఇంకా మార్పించలా? మెయిన్ తీపియ్యి, నేను ఎక్కాల. నీ జనరేటరు కరెంటు నీ చెరువుకి పోకుండా నా తీగల్లోకి వస్తే నన్ను మోసేది నువ్వేనా?” నవ్వు. “తీసినారా? సరే.”

ఆ నవ్వునే ఆమె కబుర్లనుకుంది.

స్విచ్చి సరిగ్గా ఉంటే జనరేటర్ కరెంటు చెరువుకే పోతుంది. పాడైతే వెనక్కి తన్ని, ట్రాన్స్‌ఫార్మర్ గుండా పెద్ద తీగలోకి ఎక్కుతుంది. సబ్‌స్టేషన్‌కు అది తెలియదు. అద్దాలకు అసలే తెలియదు. ప్రమాదం జరిగిన రోజు రికార్డింగు కూడా విన్నది. ఏడో నిమిషంలో, తెర తెల్లబడే ముందు, దూరంగా ఒక పెద్ద ఇంజన్ అందుకున్న చప్పుడు. ఆ చప్పుడు ఇప్పుడు ఆమెకు కూడా తెలుసు.

* * *

ఇస్సాకు ఇల్లు చెరువు గట్టు పక్కన రెండు గదుల స్లాబు. వాకిట్లో అతని భార్య మార్తమ్మ మినుములు చెరుగుతోంది. ఇందుమతిని గుర్తుపట్టింది కానీ చేట దించలేదు.

“ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులైంది. ఇప్పుడు తీరిందా మేడమ్?”

“ఒకసారి కలిసి పోతానమ్మా.”

“అన్నం నేను తినిపిస్తుండా. మొహం నేను కడుగుతుండా. మూతి మీద ఈగ వాలితే నన్ను పిలస్తాడు. అంతా చూసి పో. మీ కెమెరా కూడా తెచ్చినావా?”

ఇస్సాకు పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దగ్గర కట్లు. ఆమె ఎదుట నిలబడింది. ఇప్పుడు కూడా ఎవరూ కుర్చీ వేయలేదు, వేయాలని ఆమె అనుకోనూ లేదు.

“జనరేటర్ల సంగతి నాకెందుకు చెప్పలేదు?” అంది. తన గొంతులో కోపం ఎందుకుందో ఆమెకే తెలియలేదు. “నేను అడిగాను. మీరు ఎగతాళి చేశారు.”

“చేశా.”

“చెప్పి ఉంటే ఉంచేదాన్ని.”

“ఉంచి? అది గూడా ఎత్తుకపోయేదానివి. నా పట్టు ఎత్తుకపోయినావు, నా ఎక్కుడు ఎత్తుకపోయినావు. రేపు నా చేతులు పెట్టుకుని ఎవుడో స్తంభం ఎక్కతాడు, నన్ను ఇంటికి పొమ్మంటారు. అన్నీ పోతుండాయి, ఒక్కటన్నా నాకుంచుకుందామనుకున్నా. తప్పా?”



“మరి ఆ రోజు మీరెందుకు కూర్చోలేదు? మీకు తెలుసు కదా.”

ఇస్సాకు గొంతులో వెటకారం పోయింది.

“రెండు మెమోలు ఇచ్చినారు, కాలయాపన అని. మూడోది వస్తే ఏఈ మొహం చూడలేనని కాదు. కూచుందామనే అనుకున్నా. బీడీ గూడా తీసినా. ఇంతలోకే అయ్యి పైకి పోతుండాయి. అదే వేరే వాళ్ళ చేతులైతే పొమ్మనేవాణ్ణి. అయ్యి నా చేతులు. ముప్ఫై మూడేళ్ళు అయ్యి నన్ను ఒక్కసారి మోసం చెయ్యలా. నా చేతులే ఎక్కతా ఉంటే, కూచుని అన్నీ విన్నాకే ఎక్కతుండాయిలే అనుకున్నా. నా చేతుల్ని నేను నమ్మకపోతే ఎవురు నమ్మాల?”

ఇందుమతికి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అతను అది చూసి మొహం తిప్పుకున్నాడు.

“ఏడవబాక ఈడ. ఏడిస్తే మార్తమ్మ నీకు మంచినీళ్ళియ్యాల్సి వస్తది.”

“ఆ పదకొండు నిమిషాలూ తిరిగి పెడతాను. మీరు కూర్చున్నదంతా, మీ మాటలతో సహా.”

“పెట్టి? ఎనిమిది వందల మంది నా బీడీ పొగ చూస్తా కూచుంటారా? కోటయ్య ఎవురో, తిరుపాలు ఎవురో వాళ్ళకెందుకు? వాళ్ళ ఊరి చెరువులు వాళ్ళయ్యి. ఏ ఇంజను ఎవురిదో నా చేతులకేం తెలుసు? చేతుల్తో వింటారా ఎవరన్నా?”

“మరేం చెయ్యమంటారు?”

“నన్నడగబాక,” అన్నాడు ఇస్సాకు. కట్లు కట్టిన రెండు మొండి చేతులూ కొంచెం పైకెత్తి చూపించాడు. “నా కాడ ఇంకా ఏమన్నా మిగిలిందా, తీసుకుపోను?”

* * *

రెండు రోజులు ఇందుమతి అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఎనిమిది వందల మందిలో రేపు ఎవరు ఎక్కుతారో, ఏ ఊళ్ళో ఏ రెడ్డి స్విచ్చి పాడై ఉందో ఆమెకు తెలియదు. తెలుసుకునే యంత్రం చేయాలంటే ఏడాది పడుతుంది. మూడో రోజు పొద్దున ల్యాబుకు వెళ్ళి తన సీట్లో కూర్చుని, ఎవరినీ అడక్కుండా, పది గంటలకు కొత్త మార్పు అన్ని అద్దాలకూ పంపేసింది.

పావుగంటలో కౌండిన్య ఆమె గదిలోకి వచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచనివాడు పెంచాడు.

“ఏం చేశావు నువ్వు? లైన్ క్లియర్ నంబరు రాగానే అద్దాలు నల్లగా అయిపోతున్నాయట. చేతుల్లేవు, రంగుల్లేవు, గడియారం కూడా లేదు. నాలుగు డివిజన్ల నుంచి ఫోన్లు.”

“పదకొండు నిమిషాలే. తర్వాత వస్తాయి.”

“ఆ పదకొండు నిమిషాలు వాళ్ళేం చెయ్యాలి?”

“ఏమీ కనపడకపోతే వింటారు. చుట్టూ ఏ జనరేటర్లు మొదలయ్యాయో విని, ఫోన్ చేసి మెయిన్ తీయించాకే ఎక్కమని ఒక్క వాక్యం వినిపించి అద్దాలు ఆరిపోతాయి.”

“మనం అమ్మేది చూపు ఇందుమతీ. నువ్వు గుడ్డితనం పంపించావు. వెంటనే వెనక్కి తీయ్.”

“తీయను. రికార్డింగులు రెండూ ప్రమాదం మీద విచారణ చేస్తున్న అధికారికి పంపాను. ఆయన వినకముందే తీస్తే సాక్ష్యం దాచినట్టవుతుంది, మీరూ తీయలేరు.”

మధ్యాహ్నానికి ఆమె బ్యాడ్జి తీసేసుకున్నారు. విచారణాధికారి ఆ పద్నాలుగు పేర్లూ రెండుసార్లు విన్నాడట. ఆ మార్పు తీయకూడదని రాతపూర్వకంగా ఇచ్చాడు. మూడు శాతం కథ ఎగిరిపోయింది. దాని బదులు రిపోర్టులో, పదకొండు నిమిషాల భాగాన్ని పరిశీలించకుండా తొలగించినది ఇందుమతి అని కౌండిన్య రాయించాడు. అందులో అబద్ధం లేదు కాబట్టి ఆమె చదివి సంతకం పెట్టింది.

* * *

సంగతి చెప్పడానికి ఉప్పుకాలవ వెళ్ళింది. మార్తమ్మ ఈసారి ఏమీ అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. ఇస్సాకు వాకిట్లో అరుగు మీద ఉన్నాడు. కట్లు విప్పేశారు. ఆమె చెప్పినదంతా చెరువుల వైపు చూస్తూ విన్నాడు. మెచ్చుకోలేదు.

“నా చేతులు ఇంకా తిరగతా ఉండాయా?”

“ఉన్నాయి. తీసేయమంటే తీసేయించడానికి కోర్టుకు వెళ్ళాలి. నేను వస్తాను మీతో.”

“నువ్వు రాబాక. నేను పోతా.”

ఆ మాట ముగుస్తుండగానే ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. చెరువుల్లో చక్రాల చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. దూరంగా గట్టు మీద స్తంభం మొదట్లో ఒక లైన్‌మన్ గొంతుక్కూర్చుని కనపడ్డాడు. మొహం మీద అద్దాలున్నాయి. కదలడం లేదు.

ఇస్సాకు అతన్ని చూశాడు. తర్వాత మొదటిసారిగా ఇందుమతి మొహంలోకి చూశాడు.

“చొక్కా జేబులో కట్ట ఉంది. ఒకటి తీసి ఎలిగించు.”

ఆమె తీసింది. జన్మలో ఎప్పుడూ బీడీ ముట్టుకున్న మనిషి కాదు. మూడు పుల్లలు వృథా అయ్యాక అంటుకుంది. అతని పెదాల మధ్య పెట్టి, అతను పీల్చాక తీసి పట్టుకుంది.

“కళ్ళు మూసుకో. ఎన్ని వస్తాయో లెక్కపెట్టు. మాట్లాడబాక.”

మూసుకుంది. ఒక ఇంజన్. దాని వెనకే ఇంకొకటి. ఎడమవైపు ఒకటి, దూరంగా. అన్నీ కలిసిపోయి ఒకే రొద అయింది. దాన్ని విడదీయడానికి ఆమె పళ్ళ బిగువున ప్రయత్నించింది. మధ్యమధ్యలో కళ్ళు తెరవకుండానే బీడీ అతని నోటికి అందించింది. కొన్నిసార్లు గురి తప్పి చెంపకు తగిలింది. అతను విసుక్కున్నాడు. బీడీ కాలి కాలి ఆమె వేళ్ళ దాకా వచ్చి చురుక్కుమంది.

“ఎన్ని?” అన్నాడు ఇస్సాకు.

“ఆరు.”

“పదకొండు.”

ఆమె కళ్ళు తెరిచింది. అతను ఆమెను చూడటం లేదు. గట్టు మీద స్తంభం దగ్గర కూర్చున్న మనిషినే చూస్తున్నాడు. అతను ఇంకా లేవలేదు.

“ఆరు దగ్గిరే ఎక్కి చచ్చేదానివి,” అన్నాడు ఇస్సాకు. “ఇంకోటి ఎలిగించు. ఇంకా మూడు రావాల.”